పాత రికార్డులు కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి విడిగా ఫోనో ప్రీఆంప్, ఏడీసీ కావాలా? యూఎస్‌బీ డబ్బా చాలా?

బడాబజారు_బుజ్జి (బరంపురం)

అందరికీ నమస్కారం. మా నాన్నగారి రికార్డులు రెండు ట్రంకు పెట్టెల నిండా ఉన్నాయి. సగం ఎల్పీలు, సగం 78లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క రికార్డులు). పద్యనాటకాల సెట్లు, హరికథలు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్. నాన్నకి చూపు బాగా తగ్గింది, చెవులు మాత్రం చురుకే. అన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి ఇమ్మంటున్నారు.

స్నేహితుడి టర్న్‌టేబుల్ తెచ్చి లాప్‌టాప్ మైకు సాకెట్‌లో గుచ్చాను. పాట వస్తోంది గానీ రేకు డబ్బాలోంచి వస్తున్నట్టుంది. మృదంగం వినపడటమే లేదు, వెనక "బూ..." అని ఒకటే మోత. ఒక షాపులో ఫోనో ప్రీఆంప్ (రికార్డు సూది నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచేది), ఏడీసీ (ఆ సిగ్నల్‌ని కంప్యూటర్ అంకెల్లోకి మార్చేది) రెండూ విడివిడిగా కొనమన్నారు. ఇంకో షాపులో అన్నీ కలిసొచ్చే సూట్‌కేసు ప్లేయర్ చాలన్నారు. ఎవరి మాట వినాలి?

సూదిమొన (బరంపురం)

బుజ్జిగారూ, మొదటి షాపాయన మాట వినండి. కారణం చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

సూది కదలికని కరెంటుగా మార్చే ముక్కని కార్ట్రిడ్జ్ అంటారు. మ్యాగ్నెట్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది నాలుగైదు మిల్లీవోల్టులు. దాన్ని ఇంచుమించు వంద రెట్లు, అంటే 40 డెసిబెల్ పెంచితేగాని మామూలు ఆడియో ఇన్‌పుట్‌కి సరిపోదు. మైకు సాకెట్ కూడా పెంచుతుంది, కానీ పెంచడం ఒక్కటే చాలదు. రికార్డు చెక్కేటప్పుడే కింది స్వరాలను తగ్గించి, పై స్వరాలను పెంచి చెక్కుతారు. అలా చెయ్యకపోతే మృదంగం దెబ్బకి గాడి వెడల్పైపోయి రికార్డు మీద చోటు చాలదు. వినేటప్పుడు దాన్ని తిరగెయ్యాలి. 20 హెర్ట్జ్ దగ్గర దాదాపు 20 డెసిబెల్ పెంచాలి, 20 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు అంతే తగ్గించాలి. ఈ లెక్కనే ఆర్ఐఏఏ కర్వ్ అంటారు, 1954 నుంచి ఇదే ప్రమాణం. ఈ పని చేసేది ఫోనో ప్రీఆంప్. మీ మృదంగం ఎక్కడికీ పోలేదు, తగ్గించి చెక్కిన చోటే ఉంది, మీరు పైకి తియ్యలేదంతే.

కార్ట్రిడ్జ్‌కి 47 కిలోఓమ్‌ల లోడ్ కావాలి, అది కూడా ప్రీఆంప్‌లోనే ఉంటుంది. ఆ మోతకి కారణం ఎర్తు. టర్న్‌టేబుల్ వెనక సన్నటి వైరు ఒకటి వేలాడుతూ ఉంటుంది చూడండి, దాన్ని ప్రీఆంప్ మీద ఎర్తు స్క్రూకి బిగించండి. రికార్డు చేస్తున్నంతసేపు లాప్‌టాప్ ఛార్జర్ తీసెయ్యండి.

ఏడీసీ 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌ది తీసుకోండి. కిలోహెర్ట్జ్ అంటే శబ్దాన్ని సెకనుకి ఎన్ని వేలసార్లు కొలుస్తుందో, బిట్ అంటే ఒక్కో కొలత ఎంత సూక్ష్మంగా ఉంటుందో. ఆర్కైవుల కోసం ఐఏఎస్ఏ (శబ్ద ఆర్కైవుల అంతర్జాతీయ సంఘం) రాసిన మార్గదర్శకాల్లో కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ అన్నారు, 96 ఇంకా మేలన్నారు. అంతకు తగ్గితే చేసినా చెయ్యనట్టే.

కాశీనగర్_తాతయ్య (గజపతి జిల్లా)

"చేసినా చెయ్యనట్టే" అన్న ముక్క దగ్గరే నాకు మండుతుంది.

బుజ్జిబాబూ, సూట్‌కేసు ప్లేయర్ వద్దు. అక్కడిదాకా ఆయన చెప్పింది నిజమే, దాని సూది బరువు ఎక్కువ. కానీ వేలకు వేలు తగలెయ్యక్కర్లేదు. బెహ్రింగర్ యూఎఫ్ఓ202 అని చిన్న డబ్బా ఉంది. ఫోనో ప్రీఆంప్, ఏడీసీ రెండూ దాన్లోనే. 16 బిట్, 48 కిలోహెర్ట్జ్. నేను వాడుతున్నాను, మా ఇంటిల్లిపాదీ వింటున్నారు.

లెక్కలు నాకూ వచ్చు. ఎల్పీ సొంత గరగరకీ దాని మీది పెద్ద శబ్దానికీ మధ్య తేడా మహా అయితే 70 డెసిబెల్. 16 బిట్‌లో 96 డెసిబెల్ పడుతుంది. ఇక 78ల మీద ఎనిమిది, పది కిలోహెర్ట్జ్ దాటాక గరగర తప్ప పాట ఏముంది? ఆ గరగరని 96 కిలోహెర్ట్జ్‌లో దాచుకుని ఏం చేస్తాం? గంటకి రెండు జీబీ అవుతుంది. రెండు పెట్టెల రికార్డులకి ఎంతవుతుందో వేసుకోండి. వాళ్ల నాన్నగారు పెన్‌డ్రైవ్ అడిగారు, డేటా సెంటర్ కాదు.

జయపురం_రేడియో

మా ఇంట్లో హెచ్ఎంవీ ఫియస్టా ఉంది. దానికి ఏ ప్రీఆంపూ లేకుండానే బాగా మోగేది. ఇదంతా ఇప్పటి కంపెనీలు పుట్టించిన ఖర్చు.

సూదిమొన

రేడియోగారూ, దాన్లో ఉండేది సిరామిక్ రకం కార్ట్రిడ్జ్. అది మిల్లీవోల్టుల్లో కాదు, వందల మిల్లీవోల్టుల్లో ఇస్తుంది, దాని స్వభావం వల్లే కర్వ్ కూడా చాలావరకు సర్దుకుంటుంది. దాన్ని తెచ్చి ఫోనో ప్రీఆంప్‌లో పెడితే శబ్దం పగిలిపోతుంది. రెండూ వేరు వేరు.

తాతయ్యగారూ, 24 బిట్ అడిగేది చెవి కోసం కాదు. లెవెల్ కోసం. డిజిటల్‌లో సున్నా డెసిబెల్ దాటితే ఆ శబ్దం కత్తిరించుకుపోతుంది, మళ్లీ తిరిగి రాదు. 24 బిట్ అయితే పై అంచు మైనస్ 12 దగ్గర పెట్టుకుని నిశ్చింతగా ఉండొచ్చు. 96 అడిగేది గీతల కోసం. రికార్డు మీద గీత పడినచోట వచ్చే టిక్కు 96లో సన్నగా, నిటారుగా కనిపిస్తుంది, సాఫ్ట్‌వేర్ పట్టుకోవడం తేలిక. తక్కువ రేటులో ఆ టిక్కు పరుచుకుని పాటలో కలిసిపోతుంది.

కాశీనగర్_తాతయ్య

మైనస్ 12 దగ్గర 16 బిట్‌లో పెట్టుకున్నా ఇంకా 84 డెసిబెల్ మిగులుతుంది కదా సార్. 84 పెద్దదా, 70 పెద్దదా?

సూదిమొన

కాగితం మీద పెద్దదే. ఆ చిన్న డబ్బాల్లో సొంత రొద ఎంతుంటుందో ఎప్పుడైనా కొలిచారా?

కాశీనగర్_తాతయ్య

తాతకి దగ్గులు నేర్పకండి. కొలిచాను. సూది గాడిలో పెట్టగానే వచ్చే రికార్డు సొంత గరగర ముందు ఆ డబ్బా రొద లెక్కలోకి రాదు.

రాయగడ_వాణి

మధ్యలో చిన్న సందేహం. రికార్డు చేసేటప్పుడు ఫ్యాన్ ఆపాలా? ఇక్కడ ఎండలకి ఆపితే మనిషి ఉండలేడు.

కాశీనగర్_తాతయ్య

అక్కర్లేదమ్మా. మైకు పెట్టట్లేదు కదా, శబ్దం వైరులోంచి వెళ్తుంది.

సూదిమొన

ఆపాలి. సూది అంటేనే కదలికని పట్టే వస్తువు. బల్ల కదిలితే సూది కదులుతుంది.

కాశీనగర్_తాతయ్య

ఫ్యాన్ సీలింగుకి వేలాడుతోంది, బల్లకి కాదు.

సూదిమొన

టేబుల్ ఫ్యాన్ అయితే?

కాశీనగర్_తాతయ్య

ఆవిడ సీలింగు ఫ్యాన్ అనుకుని అడిగారు.

రాయగడ_వాణి

నేను ఏ ఫ్యానో చెప్పలేదండీ 😀 మాది స్టాండు ఫ్యాన్. వేరే మూలకి జరుపుతాను, సరేనా?

సూదిమొన

జరపండి. దానికంటే ముఖ్యంగా స్పీకర్లు ఆపి, హెడ్‌ఫోన్‌లో వినండి. స్పీకర్ అదురు నేల మీదుగా సూదిలోకి వెళ్తుంది. ఎల్పీ కిందిస్వరాలు ఉబ్బినట్టు రావడానికి చాలాసార్లు ఇదే కారణం.

బడాబజారు_బుజ్జి

ఎర్తు వైరు బిగించాను, మోత మాయం! ప్రీఆంప్ ఒకటి అద్దెకి తెచ్చాను. ఎల్పీల్లో మృదంగం వచ్చింది, నాన్న తొడ మీద తాళం వేస్తున్నారు. కానీ 78లు పెడితే గొంతు దుప్పటి కప్పినట్టు మూసుకుపోయి వస్తోంది. గరగర కూడా చాలా ఎక్కువ.

సూదిమొన

రెండు సంగతులు. ఒకటి, సూది. ఎల్పీ సూది మొన 18 మైక్రాన్ల దరిదాపు, 78 గాడికి కావలసింది 75 దాకా. మీ సూది గాడి గోడల్ని తాకకుండా అడుగున దుమ్ములో తిరుగుతోంది. 78 సూది విడిగా దొరుకుతుంది, చాలా కార్ట్రిడ్జ్‌లకి అది ఊడదీసి మార్చుకునేదే.

రెండు, కర్వ్. మీ 78లు 1954కి ముందువి అయ్యుంటాయి. అప్పట్లో కంపెనీకొక లెక్క. చాలావాటిలో పైస్వరాల్ని ఆర్ఐఏఏ అంత పెంచి చెక్కలేదు. పెంచనిదాన్ని మీ ప్రీఆంప్ తగ్గిస్తోంది, అందుకే గొంతు మూసుకుపోతోంది. ఆర్ఐఏఏ లేకుండా ఉన్నదున్నట్టు పెంచే ప్రీఆంప్‌తో ఎక్కించి, కర్వ్ తర్వాత సాఫ్ట్‌వేర్‌లో వెయ్యాలి. ఆర్ఐఏఏతో ఎక్కించేసినా పరవాలేదు, దాన్ని సాఫ్ట్‌వేర్‌లో వెనక్కి తిప్పి వేరే కర్వ్ వేసుకోవచ్చు. కాకపోతే అలా తిప్పడానికి, తాతయ్యగారూ వింటున్నారా, 24 బిట్ ఉంటే మంచిది.

ఇంకొకటి. 78లని స్పిరిట్‌తోగాని, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోగాని తుడవకండి. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్ తగిలితే లక్క కరుగుతుంది. బ్యాటరీ షాపులో అమ్మే డిస్టిల్డ్ వాటర్, ఒక్క చుక్క మెత్తటి లిక్విడ్ సోపు, మెత్తటి బ్రష్షు. లేబుల్‌కి తడి తగలనివ్వకండి. గాడి వెంట తుడిచి, వెంటనే ఆరబెట్టండి.

మీరు చేసేటప్పుడు నాకు ఫోన్ చెయ్యండి. లేదా ఆ 78లు మా ఇంటికి తెచ్చి రెండు నెలలు ఉంచండి, నేనే శుభ్రంగా చేసి ఇస్తాను.

కాశీనగర్_తాతయ్య

ఆ. వచ్చింది అసలు మాట.

బుజ్జిబాబూ, చెప్తున్నాను విను. రికార్డులు గడప దాటనివ్వకు.

గుణుపురం_గుంటడు

ఇవి ఎక్కించి యూట్యూబ్‌లో పెడితే కాపీరైటు వస్తుందా?

రాయగడ_వాణి

మన చట్టంలో సౌండ్ రికార్డింగుకి విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1960లో వచ్చిన రికార్డు 2020తో అయిపోయింది. కానీ దాన్లో పద్యం, బాణీ ఎవరివో చూసుకోవాలి, అవి రాసినవాళ్లు పోయాక 60 ఏళ్లు. ఇంట్లో వినడానికి ఎక్కించుకుంటే ఇబ్బంది లేదు.

సూదిమొన

తాతయ్యగారూ, "అసలు మాట" అంటే ఏమిటి? నేను రికార్డులు కొట్టేస్తానంటున్నారా?

కాశీనగర్_తాతయ్య

మీరని అనలేదు. మీలాంటి మాటలే చెప్పినాయన ఒకరు. పేరెందుకు, పెద్ద ఊరి నుంచి వచ్చాడు. "మీ దగ్గరుంటే చెమ్మకి పాడైపోతాయి, నా దగ్గర ఇన్ని వేల మెషీన్ ఉంది, పద్ధతిగా చేసి పంపుతాను" అన్నాడు. మా నాన్న కట్టుకున్న సెట్టు, ఒకే నాటకం, పది పన్నెండు 78లు. ఒక్కోవైపు మూడు నిమిషాలు, ఆ వరసలోనే వినాలి. చేతికి చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు.

రికార్డులు రాలేదు. చాలా ఫోన్లు చేశాక ఎమ్పీత్రీలు వచ్చాయి. పద్యం మధ్యలో ఆయన గొంతు, "ఇది ఫలానా వారి సేకరణ నుండి" అని. రెండు నిమిషాలకోసారి. వైపులు తారుమారు, రాయబారం సగంలో యుద్ధం మొదలైపోయింది. ఆయన సేకరణట! మా నాన్న జీతంలోంచి మిగిల్చి కొన్నవి.

అప్పటి నుంచి ఎవరైనా పెద్ద మెషీన్ గురించి మాట్లాడితే నాకు ఆ గొంతే వినిపిస్తుంది. నా చిన్న డబ్బా నా ఇంట్లో ఉంది, నా చేత్తో నొక్కుతాను. చాలు.

సూదిమొన

అది చాలా తప్పు పని, నేను సమర్థించను. కానీ ఒక మాట అడుగుతాను, కోప్పడకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మీ ఇంట్లోకి వంశధార నీరు వచ్చిందని మీరే ఒకసారి రాశారు. ఆ సెట్టు ఇంట్లో ఉండి ఉంటే ఇవాళ ఉండేదా?

జయపురం_రేడియో

అయ్యయ్యో, ఆ మాట ఎందుకండీ.

కాశీనగర్_తాతయ్య

అంటే ఆయన దొంగతనం చేసి మాకు ఉపకారం చేశాడన్నమాట! ఇంకేం, సన్మానం చేద్దాం. బరంపురంలో శాలువాలకి కరువా, పట్టుదే కప్పుదాం.

ఉన్నాయో లేదో అక్కర్లేదు సార్. మా ఇంటి వస్తువు మా ఇంట్లో తడిసి పాడైతే అది మా కర్మ. మిగిలినవి ఇప్పటికీ ఉన్నాయి. అట్టలు కుళ్లాయి, లేబుళ్లు ఊడిపోయాయి. ఏది ఏ రికార్డో తెలీదు. అయినా నేను ఒక్కోటీ పెట్టి వింటున్నాను. మీ 96 కిలోహెర్ట్జ్ వాళ్ల దగ్గరికి పంపను.

నిర్వాహకుడు

పెద్దలిద్దరూ కాస్త నెమ్మది. ఇక్కడ లేని మనిషి గురించి ఇక చాలు.

సూదిమొన

నిర్వాహకుడుగారూ, ఒక్కటి రాసి ఆపుతాను. నేనెందుకు పట్టుబడుతున్నానో వీరికి తెలియాలి.

మా మేనత్తగారి ఇల్లు అమ్మేటప్పుడు వాళ్ల పిల్లలు రికార్డులన్నీ ఒక కుర్రాడికిచ్చి ఎక్కించారు. ఎల్పీ సూదితోనే 78లు, మైకు సాకెట్‌లోనే, 128 కేబీపీఎస్ ఎమ్పీత్రీ. "ఫైళ్లు వచ్చేశాయి కదా" అని రికార్డులు పాత ఇనుప సామాన్లవాడికి వేసేశారు. నాకు తెలిసేసరికి వారం దాటింది. ఆ ఫైళ్లు నా దగ్గరున్నాయి. వాటిలో మృదంగం లేదు, ఇక ఎప్పటికీ రాదు. ఫైలు చేతికొచ్చాక రికార్డుని ఎవరూ ఉంచరండీ. మీరు ఉంచుతారు, సరే. మీ తర్వాత? అందుకే, ఎక్కించేది ఒక్కసారే అనుకుని ఎక్కించాలంటాను. ఇది యంత్రం గొప్ప కాదు.

కాశీనగర్_తాతయ్య

ఈ మాట మొదటే చెప్పొచ్చు కదా. డెసిబెళ్లతో కొట్టేబదులు.

నా తర్వాత సంగతి నన్నడక్కండి. మా మనవడు తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. బడిలో ఒడియా, ఇంగ్లీషు. నేను ఫైలుకి తెలుగులో పేరు పెడితే వాడికి గీతల్లా కనిపిస్తాయి. మొన్న ఫోనులో చోటు లేదని ఒక ఫోల్డరే తీసేశాడు. తప్పు వాడిది కాదు.

రాయగడ_వాణి

మా ఇంట్లోనూ అంతే. నేను ఫైలు పేరు రెండు లిపుల్లో పెడుతున్నాను, ముందు ఒడియా, తర్వాత తెలుగు. ప్రతి రికార్డుకీ లేబుల్ ఫొటో తీసి అదే ఫోల్డర్‌లో వేస్తున్నాను.

తాతయ్యగారూ, లేబుల్ ఊడినా దారి ఉంది. గాడి అయిపోయాక లేబుల్‌కి ముందు నున్నటి చోటు ఉంటుంది కదా, అక్కడ రికార్డులోనే అచ్చుపడిన అక్షరాలు, అంకెలు ఉంటాయి. మ్యాట్రిక్స్ నంబరు. కాగితం కాదు కాబట్టి నీళ్లకి పోదు. టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేస్తే కనిపిస్తుంది. రెండు వైపులవీ రాసుకోండి. ఒక సెట్టులోవి తరచుగా వరస నంబర్లే ఉంటాయి. కలెక్టర్ల దగ్గరున్న పాత కేటలాగులతో పోల్చి ఏ నాటకమో పట్టుకోవచ్చు.

గుణుపురం_గుంటడు

ఓలమ్మా, ఇది నాకూ తెలీదు. మా పెద్దమ్మ రికార్డు చూస్తాను.

సూదిమొన

వాణిగారు చెప్పింది నూటికి నూరుపాళ్లు. నా దగ్గర కొన్ని పాత కేటలాగుల జిరాక్సులు ఉన్నాయి. తాతయ్యగారు నంబర్లు ఇక్కడ పెడితే నేను వెతుకుతాను. రికార్డులు పంపక్కర్లేదు.

ఇంకో మాట. నా ప్రీఆంప్, ఏడీసీ, 78 సూది అన్నీ ఒక సంచిలో పడతాయి. పిలిస్తే కాశీనగర్ నేనే వస్తాను. రికార్డు మీ బల్ల మీద, మీటా మీరే నొక్కండి.

కాశీనగర్_తాతయ్య

వస్తే భోజనం మా ఇంట్లోనే. షరతులు చెప్తాను. మొదటి కాపీ నా డిస్కులోకి. మీ డిస్కులోకి తర్వాత, అదీ నేను సరేనన్నవి మాత్రమే. పద్యం మధ్యలో ఎవరి గొంతూ వినపడకూడదు.

సూదిమొన

ఒప్పుకున్నాను. నాదీ ఒక షరతు. 24 బిట్, 96.

కాశీనగర్_తాతయ్య

మీ డిస్కులోకి 24 తీసుకోండి. మా వాడి ఫోనుకి 16 చాలు, దాన్లో మాత్రం వాదన లేదు.

సూదిమొన

24లో ఎక్కించాక 16కి దించుకోవచ్చు. 16 నుంచి 24కి...

కాశీనగర్_తాతయ్య

తెలుసు సార్. బుజ్జిబాబూ, నువ్వు మాత్రం 78 సూది కొనుక్కో, మిగతాదంతా తర్వాత చూద్దాం.

బడాబజారు_బుజ్జి

నిన్నే ఆర్డరు పెట్టాను. ఒక డౌటు, 78 సూది పెట్టినప్పుడు బరువు మార్చాలా, ఎల్పీకి పెట్టిన రెండు గ్రాములే ఉంచాలా?

సూదిమొన

పెంచాలి, సూది పెట్టె మీద ఎంతని రాస్తే అంత.

కాశీనగర్_తాతయ్య

ఈసారికి ఆయన చెప్పినట్టే చెయ్యి.